బావి నేర్పే బతుకు పాఠం!

ఒక వైపు గాంధీ ఆసుపత్రి. ఇంకోవైపు రాణిగంజ్ ఇనుప సామాన్ల దుకాణాలు. నడుమ ఇరుకు వీధులు, ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, బళ్లమీద కూరగాయలు, ఆటోల రొద... సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్ మొదటి చూపులో ఏ నగరంలోనైనా కనిపించే పాత బస్తీలాగే ఉంటుంది. కానీ ఆ వీధుల మధ్యలోంచి ఉన్నట్టుండి నేల కిందికి దిగిపోయే రాతి మెట్లు కనిపిస్తాయి. స్తంభాలు, నడవాలు, అంతస్తులు అంతస్తులుగా లోపలికి దిగే కట్టడం. అట్టడుగున నీళ్లు. పదిహేడో శతాబ్దం నాటిదని చెప్పే బన్సీలాల్‌పేట్ దిగుడుబావి అదే.

ఇక్కడికి వచ్చిన పర్యాటకుడు ఫొటో తీసుకుంటాడు. ఇంజినీరు రాళ్ల పేర్పు చూసి ముచ్చటపడతాడు. చరిత్ర చదివినవాళ్లు ఎవరు కట్టారా అని ఆరా తీస్తారు. మరి ప్రజారోగ్యంలో పీజీ చేసే విద్యార్థి వస్తే..? 'ఈ నీళ్లు ఎవరు తాగేవారు? తాగినవాళ్లకు ఏ జబ్బులు వచ్చేవి? ఇది చెత్తకుండీగా మారినప్పుడు చుట్టుపక్కల పిల్లలు ఎలా ఉన్నారు?' అని అడుగుతాడు. అలాంటి ప్రశ్నలే ఆ చదువు. వాటిని అడగడానికి వచ్చేవాళ్లలో దంతవైద్యులు, నర్సులు, లెక్కల పట్టభద్రులు, ఆయుర్వేద డాక్టర్లు... ఎవరైనా ఉండవచ్చు. ఒక్కొక్కరిదీ ఒక్కో దారి, ఒక్కో కారణం!

నాగన్నకుంట... బన్సీలాల్‌పేట్

ఈ ప్రాంతం అసలు పేరు నాగన్నకుంట. 1933లో అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ టి.హెచ్.కీస్ చొరవతో దీన్ని మాదిరి గ్రామంగా తీర్చిదిద్దారు. అందుకు సేఠ్ బన్సీలాల్ డబ్బు సమకూర్చారు. అలా ఆయన పేరే పేటకు స్థిరపడింది. ఊరికి గాలి, వెలుతురు, మంచినీళ్లు ఉంటే సగం జబ్బులు రావన్న ఆలోచన అప్పటికే బలంగా ఉంది. మాదిరి గ్రామం అన్న మాటలో ఉన్నదీ అదే. ఇవాళ కాలేజీల్లో ప్రజారోగ్యం పేరుతో చెబుతున్నదాన్ని ఆనాడు ఇళ్లు, వీధులు, బావి రూపంలో కట్టి చూపాలనుకున్నారన్నమాట.

ఆ తర్వాత కొళాయిలు వచ్చాయి. బావితో పని తగ్గింది. పని తగ్గిన బావికి మనవాళ్లు చేసే మర్యాద తెలిసిందేగా... చెత్త వేయడం మొదలైంది. దాదాపు నాలుగు దశాబ్దాలు అలా వేస్తూనే ఉన్నారు. చివరికి అక్కడ బావి ఉందన్న ఆనవాలు కూడా దాదాపు చెరిగిపోయింది. 2021లో ఆర్కిటెక్ట్ కల్పనా రమేశ్ నేతృత్వంలోని రెయిన్‌వాటర్ ప్రాజెక్టు, మహానగర పాలక సంస్థ కలిసి పునరుద్ధరణకు పూనుకున్నాయి. టన్నులకొద్దీ చెత్త తోడిపోశారు. అడుగుకు చేరేసరికి ఊట ఊరింది! 2022 మార్చిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఈ బావి గురించి ప్రస్తావించారు. అదే ఏడాది డిసెంబరు 5న బావిని ప్రజలకు తెరిచారు.

చెత్త తీసింది బావిని అందంగా చేయడానికే కావచ్చు. కానీ పేట నడిబొడ్డున ఉన్న చెత్తగుట్ట పోవడమంటే ఈగలు, ఎలుకలు, దోమలు తగ్గడం కూడా. ఏ ఆసుపత్రి రికార్డులోనూ 'చెత్త తీయడం వల్ల రాని జబ్బు' అన్న గడి ఉండదు. ప్రజారోగ్యం చదివేవాళ్ల కష్టమంతా అక్కడే ఉంది. తగ్గిన జబ్బుకు రోగి దండం పెడతాడు. రాని జబ్బుకు ఎవరు దండం పెడతారు?

మందు లేకుండా మాయమైన జబ్బు

దిగుడుబావుల గురించి పర్యాటక పుస్తకాలు చెప్పని సంగతి ఒకటుంది. ఇది ప్రత్యేకంగా ఈ బావి గురించి కాదు, మెట్లు దిగి నీళ్లు తెచ్చుకునే బావులన్నిటి గురించి. పల్లెల్లో పెద్దవాళ్లకు నారికురుపు పేరు గుర్తుండే ఉంటుంది. కాలిమీద పుండు లేచి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికొచ్చేది. మంట చల్లారుతుందని ఆ కాలితో బావి మెట్లు దిగి నీళ్లలో నిలబడేవారు. అప్పుడే పురుగు తన పిల్లల్ని నీళ్లలోకి వదిలేది. కంటికి ఆననంత చిన్న నీటి పురుగులు వాటిని మింగేవి. ఆ నీళ్లే తెచ్చుకుని తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి మళ్లీ కాలిమీద పుండు!

దానికి టీకా లేదు. నయం చేసే మందూ లేదు. అయినా మనదేశంలో 1996 జులైలో కనిపించిన కేసే చివరిది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనల్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జబ్బు పీడించిన రాష్ట్రాల్లో ఒకటే. ఇంతకీ ఎలా పోయింది? నీళ్లు గుడ్డతో వడకట్టుకోమని ఇంటింటికీ వెళ్లి చెప్పారు. దిగుడుబావుల్ని చేదబావులుగా మార్చారు. చేతిపంపులు వేశారు. పుండు ఉన్నవాళ్లను నీళ్లలో దిగొద్దని బతిమాలారు. బావి గోడ కట్టిన మేస్త్రి, గుడ్డ పంచిన కార్యకర్త, కేసులు లెక్కరాసిన గుమస్తా... జబ్బును తరిమింది వీళ్లంతా కలిసి. ప్రజారోగ్య తరగతిలో డాక్టర్లు కానివాళ్లు ఎందుకుంటారన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు దొరకదు.

కవి కావాలనుకున్న సైనిక వైద్యుడు

భిన్నమైన దారుల్లోంచి ఈ రంగానికి రావడం ఇవాళ కొత్తగా మొదలైందేం కాదు. సికింద్రాబాద్ చరిత్రే అందుకు సాక్ష్యం. 1857లో అల్మోరాలో పుట్టిన రొనాల్డ్ రాస్‌కు వైద్యం మీద పెద్దగా మనసు లేదు. రచయితో చిత్రకారుడో కావాలనుకున్నాడు. సైన్యంలో ఉన్న తండ్రి మాట కాదనలేక మెడిసిన్‌లో చేరాడు. కొన్నేళ్లు ఉద్యోగం చేశాక సెలవుమీద ఇంగ్లండ్ వెళ్లి 1888లో పబ్లిక్ హెల్త్‌లో డిప్లొమా చేశాడు. ఆ తర్వాత మలేరియా వెంటపడ్డాడు. బేగంపేటలో చిన్న ఆసుపత్రి భవనం, ఒక సూక్ష్మదర్శిని. దోమలతో కుట్టించుకోవడానికి ఒప్పుకున్న హుస్సేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చేవాడు. 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమి ఆనవాలు పట్టుకున్నాడు. 1902లో నోబెల్ వచ్చింది. ప్రపంచమంతా దోమల దినం జరుపుకొనేది ఆ ఆగస్టు 20నే. తండ్రి బలవంతం మీద చదివిన చదువే అయినా, మనసు పెట్టిన చోట ఫలితం అలా ఉంది మరి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది ఇంకో కథ. సంగ్రహణి జబ్బుతో కొద్దిరోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నాడు. మద్రాసులో వైద్యం చదివి, మామగారి సాయంతో 1923లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల గురించి డిప్లొమా చదివాడు. తర్వాత ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. సంగ్రహణి రోగుల్ని కోలుకునేలా చేసిన మందుల్లో అదొకటి. బోదకాలుకు వాడే డీఈసీ మాత్రా ఆ బృందం చలవే. గర్భిణులకు ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్ర, బోదకాలు రాకుండా ఆశా కార్యకర్త ఇంటికొచ్చి మింగించే మాత్ర... రెండింటి వెనకా ఆ ఇంటి దుఃఖం ఉంది.

లండన్‌లో 1854లో కలరా ప్రబలినప్పుడు చనిపోయినవాళ్ల ఇళ్లను పటం మీద గుర్తించి, దోషం వీధి పంపుదని తేల్చిన జాన్ స్నో... వృత్తిరీత్యా మత్తు డాక్టరు! విక్టోరియా రాణి ప్రసవానికి మత్తు ఇచ్చింది ఆయనే. మన ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ కె.శ్రీనాథ్‌రెడ్డి ఢిల్లీ ఎయిమ్స్‌లో పేరున్న గుండె వైద్యులు. గుండెజబ్బు వచ్చాక చూడటం కన్నా రాకుండా చూడటం మేలనుకున్నారు. 2006లో మొదలైన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాకు సారథి అయ్యారు. ఆ సంస్థ 2008లో హైదరాబాద్‌లో భారతీయ ప్రజారోగ్య సంస్థను నెలకొల్పింది.

ఎవరొస్తున్నారు... ఎందుకొస్తున్నారు?

కోల్‌కతాలో 1932లోనే ప్రజారోగ్య సంస్థ వెలసినా చాలాకాలం ఈ చదువు డాక్టర్లకే పరిమితం. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ 1997లో ఎంపీహెచ్ మొదలుపెట్టాక తలుపులు మెల్లగా తెరుచుకున్నాయి. ఇప్పుడు జంటనగరాల్లోనే భారతీయ ప్రజారోగ్య సంస్థ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఈ కోర్సు నడుపుతున్నాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పోషణలో పీజీ చెబుతుంది. ఎంబీబీఎస్ చేసినవాళ్లయితే వైద్య కళాశాలల్లో కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ చేయవచ్చు. గాంధీలోనూ ఆ విభాగం ఉంది.

ఎంపీహెచ్ తరగతి గదిలో ఒక బెంచీ మీద దంతవైద్యురాలు. క్లినిక్ పెట్టడానికి లక్షలు కావాలి, పీజీ సీట్లేమో తక్కువ. పక్కన హోమియో డాక్టరు. ఆ వెనక పదేళ్లు వార్డులో చేసిన నర్సు. విరేచనాలతో వచ్చిన బిడ్డకు సెలైన్ ఎక్కించి పంపితే అదే బిడ్డ మళ్లీ నెలకు అదే మంచం మీదికి రావడం చూసి విసిగిన మనిషి. ఇంకో మూల గణాంకశాస్త్రం చదివిన కుర్రాడు, సోషల్ వర్క్ చేసిన అమ్మాయి, ఫార్మసీ పట్టభద్రుడు. అందరివీ గొప్ప ఆశయాలే అనుకుంటే పొరపాటు. పీజీ సీటు రాక వచ్చినవాళ్లుంటారు. ఈ డిగ్రీతో అమెరికా వెళ్లొచ్చని చేరేవాళ్లుంటారు. ఏదో ఒక సర్టిఫికెట్ ఉంటే ప్రమోషన్ వస్తుందనుకునేవాళ్లూ ఉంటారు. రాస్ కూడా ఇష్టపడి వైద్యుడు కాలేదుగా! ఎందుకు వచ్చారన్నది కాదు, బస్తీలో నాలుగు గడపలు తొక్కాక ఏం చూశారన్నదే చివరికి లెక్కకొచ్చేది.

2020 తర్వాత ఈ బెంచీలకు ఇంకో రకం విద్యార్థులు తోడయ్యారు. ఆ ఏడాది మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు తేలింది. గాంధీ ఆసుపత్రి మొత్తాన్ని కరోనా చికిత్సకే కేటాయించారు. ఒకప్పుడు ముషీరాబాద్ జైలు ఉన్న స్థలంలో, 2003 నుంచి నడుస్తున్న ఆసుపత్రి అది. ఆ రోజుల్లో దాని చుట్టూ అంబులెన్సుల కూత ఆగలేదు. ఈ పేట పేరుతోనే ఓ శ్మశానవాటిక కూడా ఉంది. ఆసుపత్రికీ శ్మశానానికీ మధ్య బతకడమంటే ఏమిటో ఇక్కడివాళ్లకు అప్పుడు తెలిసొచ్చింది. ఎవరిని ఎవరు కలిశారో ఆరా తీసినవాళ్లు, ఇంటింటికీ జ్వరాల సర్వే చేసినవాళ్లు, అంకెలు చూసి రేపటికి ఎన్ని పడకలు కావాలో లెక్కగట్టినవాళ్లు... 'ప్రజారోగ్యం' అన్న మాట సామాన్యుల ఇళ్లలోకి వచ్చింది వాళ్లతోనే.

'డాక్టరమ్మవై డ్రైనేజీలు చూస్తావా?'

అయినా ఇంట్లో వాళ్లను ఒప్పించడం తేలిక కాదు. 'అంత చదివి మోరీలు, దోమలు చూసుకుంటూ తిరుగుతావా? పెళ్లిచూపులకొచ్చినవాళ్లకు ఏం చెప్పాలి?' అని అడిగే అమ్మానాన్నలు తక్కువేం కాదు. వాళ్ల భయంలోనూ న్యాయముంది. ఈ చదువుకు తగిన ఉద్యోగాల్లో చాలావరకు కాంట్రాక్టువే. ఆరోగ్య మిషన్‌లోనో, స్వచ్ఛంద సంస్థలోనో, పరిశోధన ప్రాజెక్టులోనో రెండు మూడేళ్లు. ప్రాజెక్టు అయిపోతే మళ్లీ దరఖాస్తులు. ప్రజారోగ్యానికి ప్రత్యేక కేడర్ ఉండాలని కేంద్రం 2022లో రాష్ట్రాలకు మార్గదర్శకాలిచ్చింది. అది కాగితం మీది నుంచి ఉద్యోగంగా మారితేనే ఈ బెంచీల్లో కూర్చున్నవాళ్లకు భరోసా.

మార్పు మరోవైపు నుంచీ వస్తోంది. కొత్త నిబంధనల ప్రకారం ఎంబీబీఎస్ విద్యార్థులు కొన్ని కుటుంబాల్ని దత్తత తీసుకుని చదువైనన్నాళ్లూ వాళ్ల ఆరోగ్యం కనిపెట్టి ఉండాలి. పీజీ చేసేవాళ్లు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలి. గుండె శస్త్రచికిత్స నిపుణుడు కాబోయేవాడికైనా, ఒక ఇంట్లో తాగునీళ్ల బిందె ఎక్కడ పెడతారో, దానిమీద మూత ఉంటుందో లేదో తెలియాలన్నదే ఉద్దేశం.

మూత సంగతి వచ్చింది కాబట్టి... బావిలోంచి తోడిపోసిన చెత్త మళ్లీ వీధిలోకి రాకుండా చూడటం ఇంకా పేటవాళ్ల చేతుల్లోనే ఉంది. వానకు నిండిన ఓ ప్లాస్టిక్ కప్పు చాలు, డెంగీ దోమ కాపురం పెట్టడానికి. దాన్ని బోర్లించడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. కానీ పేటలో ప్రతి ఇంటా అది బోర్లించేలా చేయడానికి మాత్రం ఓపికగా గడప గడపా తొక్కే మనుషులు కావాలి.

గాంధీ ఆసుపత్రి దగ్గర మెట్రో దిగి ఆటో ఎక్కితే బన్సీలాల్‌పేట్ ఎంతో దూరం కాదు. ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి ఆ దిగుడుబావి చూపించండి. దారిలో ఆసుపత్రినీ చూపించండి. జబ్బు పడ్డాక వెళ్లేది అది, జబ్బు పడకుండా ఉండటానికి మొదలుపెట్టాల్సింది ఇక్కణ్నుంచి అని చెప్పండి. ఏమో, పెద్దయ్యాక వాళ్లలో ఒకరు 'నేను డాక్టరవుతా' అనకుండా, 'అసలు ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్లక్కర్లేకుండా చేస్తా' అంటారేమో!