చేతికి చిప్పలు కాదు, చిప్పులే

చిప్స్ అనగానే మనకి ముందు గుర్తొచ్చేవి ఆలూ చిప్స్, ఆ తర్వాత అరటికాయ చిప్స్. ఇవాళ నేను చెప్పబోయేవి తినేవి కాదు. పేకాటలో డబ్బుకి బదులు పెట్టే రంగురంగుల గుండ్రటి బిళ్ళలు, పోకర్ చిప్స్.

మేము డాలస్ దగ్గర ఉంటాం. ఇక్కడ మన తెలుగువాళ్ళు నాలుగు కుటుంబాలు శనివారం రాత్రి కలిశారంటే, భోజనాలయ్యాక పేకముక్కలు బయటికి రావడం మామూలే. వాటి వెనకే ఈ చిప్పుల పెట్టె కూడా వస్తుంది. మా పెట్టెకి ఇప్పుడు 14 ఏళ్ళు. 2011లో 50 డాలర్ల లోపే కొన్నాం. అందులో 500 చిప్పులు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "క్లే" అని ఉంటుంది. ఈ మధ్య కొత్తగా కాపురం పెట్టిన ఒకమ్మాయి మా ఇంటికొచ్చి, "అక్కా, ఇంత చవకవి ఇన్నేళ్ళు ఎలా ఉన్నాయి? మేమూ కొనుక్కోవచ్చా?" అని అడిగింది. ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతాను, కాస్త వివరంగా.

ముందు ఈ పెట్టె మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి. మా పుట్టింట్లో పేకముక్క కనిపిస్తే అమ్మ పొయ్యిలో పెట్టేసేది. మా పెదనాన్న రెండెకరాల మాగాణి పేకాటలోనే పోగొట్టాడు. మా పెద్దమ్మ పెళ్ళినాటి గాజులు కూడా ఆ దారినే వెళ్ళాయి. శివరాత్రి జాగారానికి ఊరంతా పేకాడుతున్నా మేము మాత్రం వైకుంఠపాళి ముందు కూర్చునేవాళ్ళం. అందుకని మావారు చిప్పుల పెట్టె కొందామన్నప్పుడు నేను రెండు షరతులు పెట్టాను. ఒకటి, ఈ చిప్పులు ఎప్పుడూ డబ్బుగా మారకూడదు. రెండు, ఆఖర్న ఎవరి దగ్గర తక్కువ చిప్పులుంటాయో వాళ్ళే ఆ రాత్రి చిప్పులన్నీ తుడిచి, లెక్కపెట్టి పెట్టెలో సర్దాలి. నవ్వుతూనే ఒప్పుకున్నారు. అప్పట్లో ఆరునెలలు ఉందామని వచ్చిన మా అత్తయ్యగారు మాత్రం, "పేకాటలో చివరికి చేతికొచ్చేది చిప్పే కదమ్మా, మీరు ముందే కొని పెట్టుకున్నారు" అన్నారు.

ఇంతకీ ఇవి నిజంగా క్లే చిప్పులేనా? కావు. కాసినోలలో వాడే అసలు క్లే చిప్పుల్లో మట్టి, సుద్ద లాంటి ఖనిజాలు కలుపుతారు. కుండలా బట్టీలో కాల్చరు. అచ్చులో పెట్టి వేడితో, ఒత్తిడితో నొక్కుతారు. అవి ఒక్కొక్కటి 8 నుంచి 10 గ్రాములు ఉంటాయి. పేర్చినప్పుడు మెత్తగా, బరువుగా చప్పుడవుతుంది. మాలాంటి చవక పెట్టెల్లో ఉండేవాటిని క్లే కాంపోజిట్ అంటారు కానీ వాటిలో చాలావరకు ప్లాస్టిక్కే, మధ్యలో ఒక లోహపు బిళ్ళ ఉంటుంది. స్టీలు సామాన్ల కొట్లో గిన్నెకి అయస్కాంతం పెట్టి చూస్తాం చూడండి, అలాగే మా ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి పెట్టి చూశాను. టక్కున అతుక్కుంది. వంటింటి కాటాలో పది చిప్పులు వేస్తే 115 గ్రాములు తూగాయి. అంటే ఒక్కోటి పదకొండున్నర గ్రాములు, కాసినో చిప్పు కంటే ఎక్కువ. బరువుగా ఉంటే గట్టిదనుకుంటాం కదా, ఈ బరువు లోపలి ఇనుముది. చీర కొనేటప్పుడు జరీ బరువు చూసి పట్టు అనుకోం, ఇదీ అంతే.

ఇలాంటి పెట్టెలు ఇంత చవగ్గా ఎందుకు దొరుకుతున్నాయంటే దానికీ ఓ కథ ఉంది. 2003లో టెనెస్సీ రాష్ట్రానికి చెందిన ఒక అకౌంటెంటు లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్ళాడు. ఆయన పేరు క్రిస్ మనీమేకర్. పెట్టిన పేరు కాదు, నిజంగా ఇంటిపేరే. మామూలు ఉద్యోగి గెలిచాడనేసరికి అమెరికాలో ఇంటింటా పోకర్ మొదలైంది. అల్యూమినియం పెట్టెల్లో చిప్పులు మామూలు దుకాణాల్లోకి కూడా వచ్చేశాయి.

ఇక మన్నిక సంగతి. 14 ఏళ్ళలో మా పెట్టెలో ఏది ముందు పోయిందో వరసగా చెబుతాను.

అన్నిటికంటే ముందు పోయింది పెట్టె. రెండో ఏడే ఒక కొక్కెం ఊడింది. ఐదో ఏటికి లోపల అతికించిన నల్లటి స్పాంజి గుడ్డ లేచిపోయింది. 500 చిప్పులంటే ఆరు కిలోలకి కాస్త తక్కువ. అంత బరువుని ఒక్క పిడితో ఎత్తుతుంటే ఆ పల్చటి రేకు మాత్రం ఎన్నాళ్ళు ఆగుతుంది? ఇప్పుడు అవి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంటున్నాయి.

తర్వాత పోయినవి మధ్యలో అంకె ఉండే స్టిక్కర్లు. అందులోనూ ఓ విచిత్రం ఉంది. తెల్లది 1, ఎర్రది 5, నీలం 10, ఆకుపచ్చ 25, నలుపు 100. పోకర్ ఆడేవాళ్ళ ఇళ్ళలో ఏవి ముందు అరుగుతాయో కానీ, మా ఇంట్లో నీలం వాటి స్టిక్కర్లే ముందు లేచాయి. ఎందుకంటే మేము ఆ పెట్టెతో ఆడేది పోకర్ కాదు, రమ్మీ! మొదట్లోనే స్కూట్ కొడితే 20, మధ్యలో పడేస్తే 40, ఫుల్ కౌంట్ అయితే 80. ఏది కట్టాలన్నా చెయ్యి నీలం దొంతర మీదికే వెళుతుంది. ఎనిమిది మందిమి మూడు కట్టలు కలిపి ఆడతాం. తలా పది తెల్లవి, పది ఎర్రవి, పన్నెండు నీలం, నాలుగు ఆకుపచ్చవి, మొత్తం 288. నల్లవి బయటికి వచ్చే అవసరమే ఉండదు. అవి ఇప్పటికీ కొన్నరోజున ఎలా ఉన్నాయో అలాగే నిగనిగలాడుతున్నాయి. మా ఆటేదో చెప్పడానికి ఆ చిప్పుల్ని చూస్తే చాలు.

మూడోది మరకలు. మన ఇళ్ళలో ఆట అంటే పక్కన జంతికలు, మిరపకాయ బజ్జీలు, పులిహోర ఉండాల్సిందే. తెల్ల చిప్పుకి పసుపు అంటిందంటే సబ్బుకి లొంగదు. కానీ పసుపు మరక ఎండకి పోతుందని మనకి తెలిసిందే కదా. ఒకటి రెండు రోజులు కిటికీలో పెడితే చాలావరకు తేలిపోతుంది. మరక పోగానే తీసెయ్యాలి, రోజుల తరబడి ఎండలో ఉంచితే స్టిక్కరు రంగు వెలుస్తుంది.

మరి విరిగినవి ఎన్ని? ఒక్కటీ లేదు. టైల్స్ మీద ఎన్నిసార్లు దొర్లాయో లెక్కే లేదు. అదే మా స్నేహితుల ఇంట్లో ఖరీదైన అసలు క్లే చిప్పులు ఉన్నాయి. చేతికి ఎంత బాగుంటాయో! కానీ వాటి అంచులు వాడేకొద్దీ గుండ్రంగా అరుగుతాయి, గట్టి నేల మీద పడితే పెచ్చు లేస్తుంది. పడేటప్పుడు పడితే రెండు ముక్కలూ అవుతుంది. అందుకే వాళ్ళు మెత్తటి గుడ్డ పరిస్తే కానీ ఆట మొదలుపెట్టరు. చిన్నపిల్లలున్న ఇంట్లో చవకవే నయం.

శుభ్రం చెయ్యడం కూడా చెప్పేస్తాను. గోరువెచ్చటి నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి పాత టూత్‌బ్రష్. నానబెట్టకూడదు, స్టిక్కరు కింద జిగురు వదిలేస్తుంది. ఒక్కొక్కటీ రుద్ది వెంటనే పొడిగుడ్డతో తుడిచి, తువ్వాలు మీద ఆరబెట్టాలి. డిష్‌వాషర్‌లో వెయ్యొద్దు. గోళ్ళరంగు తుడిచే ద్రవం అసలే వద్దు, ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. టెక్సస్ ఎండల్లో కారు డిక్కీలో వదిలెయ్యొద్దు. నెలనెలా మురికి పేరుకోకుండా చూసుకుంటే ఇంకేమీ అక్కర్లేదు. మా ఇంట్లో ఆ పని ఆగకుండా జరగడానికి నా రెండో షరతే కారణం. ఎక్కువసార్లు ఓడేది మగవాళ్ళే కాబట్టి, రాత్రి పన్నెండింటికి సింకు దగ్గర చొక్కా చేతులు మడిచి బ్రష్షు పట్టుకునేదీ వాళ్ళే.

మొదటి షరతు నిలబెట్టుకోవడం మాత్రం ఇంత తేలిక కాలేదు.

ఐదేళ్ళ క్రితం లాక్‌డౌన్ సడలాక మళ్ళీ కలిసిన కొత్తలో ఒకరు అన్నారు, "ఊరికే ఆడితే మజా ఏముంది? నీలం చిప్పుకి ఒక్క డాలరు పెట్టుకుందాం. ఎవరికీ బరువు కాదు." ఒకరిద్దరు సరే అన్నట్టు తలూపారు. మావారు నావైపు చూశారు. నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఆ రోజు చెప్పాను. మా పిన్ని కొడుకు ఆ లాక్‌డౌన్‌లోనే ఫోన్‌లో రమ్మీ ఆడి మూడు లక్షలు పోగొట్టాడు. రాత్రిపూట దుప్పటి కప్పుకుని ఆడేవాడట. పక్కన పడుకున్న భార్యకి కూడా తెలియలేదు. ఆడపిల్ల ఫీజుకని దాచిన డబ్బు తీయబోతే ఖాతా ఖాళీ. పిన్ని ఫోన్ చేసి ఏడుస్తుంటే నాకు మా పెద్దమ్మ గాజుల్లేని చేతులే కళ్ళ ముందు కదిలాయి.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో దేశమంతటికీ పార్లమెంటు చట్టం చేసింది. ఊరికే చెయ్యలేదు కదండీ ఈ చట్టాలన్నీ. ఎన్ని ఇళ్ళలో ఇలాంటి ఏడుపులు వినిపించాయో.

ఆ రాత్రి నేను చెప్పింది ఇంతే. రంగు బిళ్ళ చేతిలో ఉంటే అది డబ్బు అనిపించదు. కాసినోవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు. ఫోన్‌లో ఆ బిళ్ళ కూడా ఉండదు, ఒక అంకె తగ్గుతుంది, అంతే. మన బల్ల మీద అయితే నా ముందున్న దొంతర కరిగిపోతుంటే ఏడుగురు చూస్తారు, ఎవరో ఒకరు "చాల్లే వదినా, ఈ ఆటకి స్కూట్ కొట్టు" అంటారు. ఆ అనేవాళ్ళు ఉండబట్టే ఇది ఆట. ఒక్క డాలరు దగ్గర మొదలైతే వచ్చే ఏడు అది ఐదు కాదని ఎవరు చెప్పగలరు?

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి డాలరు మాట తెచ్చినాయనే ముక్కలు కలపడం మొదలుపెట్టి, "సరే చెల్లెమ్మా, సబ్బునీళ్ళే పందెం" అన్నారు. ఆయన భార్య వంటింట్లోకి వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏమీ అనలేదు. తర్వాత మళ్ళీ ఆ మాట మా బల్ల దగ్గర రాలేదు.

ఈ ఏడు మావారికి అసలు క్లే చిప్పుల మీద మనసైంది. ఒక్కో చిప్పు డాలరు దాటుతుంది, 500 అంటే మీరే లెక్కేసుకోండి. నేను వద్దనలేదు, పాతవన్నీ బల్ల మీద పోసి లెక్కపెట్టమన్నాను. 497 ఉన్నాయి. మూడు పోయినవీ తెల్లవే. లేచిపోయిన నీలం స్టిక్కర్లకి బదులు మా అమ్మాయి కంప్యూటర్‌లో గుండ్రటి బొమ్మ గీసింది, నీళ్ళకి తట్టుకునే లేబుల్ కాగితం మీద అచ్చు తీశాం. పాత జిగురు గోటితో గీకి, తుడిచి, వంద చిప్పులకీ కొత్తవి అతికించాం. ఖర్చు పది డాలర్లు కూడా కాలేదు. కొత్త పెట్టె సంగతి ఆయనే మర్చిపోయారు.

కాబట్టి కొనాలనుకునేవాళ్ళకి నా మాట ఇది. ఇంట్లో నలుగురూ కూర్చుని సరదాగా ఆడుకోవడానికైతే చవకవి చాలు, నిశ్చింతగా కొనండి. పెట్టె అందం చూడొద్దు, అది ఎలాగూ ముందే పోతుంది. స్టిక్కరు చిప్పు అంచు కంటే కొంచెం లోపలికి, గుంటలో కూర్చుని ఉంటే త్వరగా లేవదు, అది చూసుకోండి. రమ్మీ ఆడేవాళ్ళయితే నీలం ఎక్కువున్న పెట్టె తీసుకోండి. ఆ చిప్పుకి విలువ ఎంతో, ఓడినవాళ్ళు ఏం చెయ్యాలో మాత్రం పెట్టె తెరిచిన మొదటి రోజే, అందరూ ఉన్నప్పుడే గట్టిగా చెప్పేయండి.

వచ్చే శనివారం ఆట మా ఇంట్లోనే. పులిహోరకి చింతపండు ఇప్పుడే నానేశాను. పోయిన నెల కడిగింది మావారు, ఈసారి ఎవరి వంతు వస్తుందో చూడాలి.