బుర్హాన్‌పూర్ దర్వాజా బయట

సూరత్ దగ్గరి జోల్వాలో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడుకు పగలూ రాత్రీ తేడా లేదు. బావ సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు.

"సూరత్‌ల ఏమున్నది బామ్మర్దీ, చీరల మార్కెట్ తప్ప?"

శివాజీ గుడారం వేసిన చోటు చూడాలన్నాను.

"ఆయన ఇక్కడికెందుకొచ్చిండు?"

"దోచుకోవడానికి."

బండి స్టార్ట్ చేయబోయినవాడు ఆగి నా మొహంలోకి చూశాడు.

ఆయన ఆశ్చర్యం నాకర్థమైంది. మనకు తెలిసిన శివాజీ వేరు. 1677లో గోల్కొండకు అతిథిగా వచ్చాడు, తానీషాతో చేయి కలిపాడు, శ్రీశైలం వెళ్లి మల్లన్నను కొలిచాడు. సూరత్‌ది ఇంకో జ్ఞాపకం. స్పెయిన్‌లో వీరుడు ఎల్ సిద్‌కూ ఇంతే. బుర్గోస్ వాళ్లు కెథడ్రల్లో సమాధి కట్టి పూజ్యుణ్ని చేసుకున్నారు. 1094లో ఆయన ముట్టడికి ఆకలితో మాడి లొంగిపోయింది మాత్రం వలెన్సియా.

కడోదరా చౌరస్తా దాటేసరికి ఒళ్లంతా దుమ్ము. సరోలి దగ్గర ముందు పోతున్న టెంపోలో చీరల పార్సిళ్లు. ఒకదాని మీద మార్కర్‌తో సికింద్రాబాద్ అని రాసి ఉంది. సూరత్ పాత ఊళ్లో బుర్హాన్‌పురీ భాగల్ అనే పేట ఇంకా ఉంది. 1664 జనవరి 6న శివాజీ గుడారం వేసింది బుర్హాన్‌పూర్ దర్వాజా బయట ఒక తోటలో. అప్పటికి ఊరికి గట్టి గోడ కూడా లేదు, ఉన్నది మట్టికట్టే. మొఘలుల అతి సంపన్న రేవుకు ఆపాటి కాపలా! శివాజీ మనుషులు లక్షాధికారి వీర్జీ వోరా ఇల్లు కొల్లగొట్టి తగలబెట్టారు. కపూచిన్ సాధువు ఆంబ్రోస్ ఇంటి జోలికి పోలేదు. ఇంగ్లీషు వర్తకుల పెద్ద జార్జ్ ఆక్సెండెన్ డప్పులూ బాకాలతో తన మనుషుల్ని వీధుల్లో తిప్పి తమ కొఠీని కాపాడుకున్నాడు. నాలుగు రోజులకు దక్కింది కోటి రూపాయలకు పైనేనని చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ లెక్క.

తాపీ నది ఒడ్డున కోటను బాగుచేసి మ్యూజియం చేశారు. టికెట్ కొని లోపలికెళితే నేను వెతికింది శివాజీని కాదు, ఇనాయత్ ఖాన్‌ని. ఊరిని గాలికొదిలి ఈ గోడల వెనక దాక్కున్న మొఘల్ గవర్నరు ఆయన. సంధి మాటలంటూ ఒక కుర్రాణ్ని పంపి శివాజీని పొడిపించబోయాడు. వాడి చేయి తెగిపడింది. మరాఠాలు వెళ్లిపోయాక ఖాన్ బయటికొస్తే జనం మట్టి విసిరారు. కోపంతో ఆయన కొడుకు తుపాకీ పేల్చి ఒక చిరువ్యాపారిని చంపాడు. ఔరంగజేబు వర్తకులకు ఏడాది సుంకం మాఫీ చేశాడు, ఇటుక గోడ కట్టమన్నాడు.

"మరి గోడ ఆపిందా?" అన్నాడు బావ.

1670 అక్టోబరులో శివాజీ మళ్లీ వచ్చాడని చెప్పాను.