పుంగనూరు బస్సులో

పెద్దపంజాణి నుంచి పుంగనూరుకు పోయేటప్పుడల్లా ఆ ఫ్రెంచి సాములే గుర్తొస్తారు. 1700ల తొలి ఏళ్లలో పాండిచ్చేరి వైపు నుంచి వచ్చిన జెస్యూట్ పాదిరీలు. కావి కట్టి, మాంసం మాని, సన్యాసుల్లా బతుకుతూ తెలుగు నేర్చారు. తెలుగునేల మీద వాళ్ల తొలి మజిలీల్లో పుంగనూరు ఒకటి. తర్వాత యుద్ధాలు. 1773లో పోపు జెస్యూట్ సంఘాన్నే రద్దు చేశాడు. సాముల రాక ఆగిపోయింది.

ఆ సాముల మిషన్‌ను కర్ణాటక మిషన్ అనేవారు. అందులోని పాదిరీయే కేర్దూ. తెలుగు నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో చుట్టరికముందని 1767లోనే పారిస్ అకాడమీకి రాశాడు. విలియం జోన్స్ ఆ మాట అన్నది 1786లో! జోన్స్ పేరు చదువుకున్నాం. మన తెలుగు నేర్చిన కేర్దూ పేరు మాకెవరూ చెప్పలేదు. అదే నా బాధ.