నిగనిగ

న్యూజెర్సీలో మావాడు పాత స్పోర్ట్స్ కారు కొనదలచి నన్నూ వెంటబెట్టుకొని తిరిగాడు. తొలుత అశ్వశక్తి మెండుగాగల ఒక జర్మను బండిపై మనసుపడ్డాడు. "వెల తగ్గినా మరమ్మతు ఖర్చు తగ్గదు నాయనా!" అన్నాను. తరువాత 1990 నాటి మజ్దా మియాటా చూశాం. రెండే ఆసనాలు, టన్నులోపు బరువు, 1.6 లీటర్ల ఇంజను. దీని సొగసు వేగంలో కన్నా మలుపులో ఉంది. గేరు, యతి కుదిరినట్లు, టక్కున కుదురుకుంటుంది. (ఛందస్సు చెప్పిన నోరు, ఊరుకోదు.)

రంగు నిగనిగలాడుతున్నది. నేను మాత్రం వంగి, వెనుక చక్రానికి ముందు, తలుపు కింది అంచును తడిమాను. చలికాలం రోడ్లపై చల్లే ఉప్పు తినేది అక్కడే. వేలితో నొక్కగానే పెచ్చు రాలింది. టైమింగ్ బెల్టు, గుడ్డ పైకప్పు మార్చుకోవచ్చు. తుప్పుపట్టిన ఇనుమును కోసి అతికించబోతే బండి వెలను మించవచ్చు. మూడేళ్ళు కూడబెట్టిన సొమ్మది! వాడి ముఖం చిన్నబోయింది. అయినా వద్దన్నాను. రశీదులన్నీ దాచుకున్న మరొకాయన బండిని శనివారం చూడాలి.