ఆఫీసు ఫోన్‌లో మాట సన్నగా వినిపిస్తుంటే



సింధనూరులో మన సంఘం ఆఫీసుకు ఫోన్ చేస్తే మాట సరిగ్గా వినబడట్లేదని నెల రోజులుగా అంటున్నారు. తుంగభద్ర ఎడమ కాలువ కింద క్యాంపుల్లో ఉన్న మన పెద్దవాళ్లకు వాట్సాప్ కన్నా ఫోనే దగ్గర. వాళ్లకు వినబడాలని మేం గొంతు పెంచితే, కసురుతున్నామని నొచ్చుకుంటున్నారు. అందుకే కొత్త సెట్టు కొనేముందు ఒక్కొక్కటే చూశాం.

ముందు రిసీవరు మార్చాం. తేడా లేదు. ఈపీఏబీఎక్స్‌ని పక్కనపెట్టి, బయటి లైనుకే నేరుగా మామూలు ఫోన్ తగిలించాం. మాట ఖంగుమని వినిపించింది! అంటే లైను మంచిదే, లోపం ఆఫీసు లోపలే ఉంది.

టేబుల్ దాకా వచ్చే తీగ వెంట వెతికితే, కిటికీ దగ్గర టేపు చుట్టిన అతుకు కనబడింది. విప్పితే లోపలంతా చిలుము. ఇలాంటి ఫోన్‌కు కరెంటూ మాటా రెండూ ఆ జత తీగల్లోనే వస్తాయి. అతుకు పాడైతే రెండూ తగ్గుతాయి. చిలుము పట్టిన ముక్క కోసేసి, కొత్తగా కలిపాం. సరిపోయింది.

ఈపీఏబీఎక్స్‌లోనే సౌండు పెంచుదామని కొందరన్నారు. మరీ పెంచితే మన మాటే మనకు తిరిగి వినిపిస్తుంది, అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

మీ మిల్లుల్లో, కొట్లలో ఈ ఇబ్బంది ఉంటే ఇదే వరసలో చూడండి: రిసీవరు, బయటి లైను, లోపలి అతుకులు.

ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి, మళ్లీ ఫోన్ చేయమని. మేం ఎవరినీ కసరలేదు.