కట్ట మీద లెక్కల క్లాసు

ఎల్బీనగర్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుని బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ దాటితే ఇబ్రహీంపట్నం. హైదరాబాద్ నుంచి ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. ఆదివారం పూట పిల్లల్ని తీసుకుని పెద్ద చెరువు చూడటానికి వెళ్లేవాళ్లకు కొదవ లేదు. కట్ట మీద గాలి పీల్చి, ఫొటోలు దిగి, మొక్కజొన్న పొత్తులు తిని వచ్చేస్తారు. వెళ్లేటప్పుడు బ్యాగులో ఒక నోటుపుస్తకం, కాలిక్యులేటర్ వేసుకుంటే మాత్రం ఆ చెరువు వేరేలా కనిపిస్తుంది.

అమెరికాలో 1846లో పొట్ట చేతపట్టుకుని కాలిఫోర్నియాకు బళ్లు కట్టుకుని బయల్దేరిన డానర్ బృందం కథ ఒకటుంది. ఎనభైమందికి పైగా సియెర్రా నెవాడా మంచులో చిక్కుకుపోయారు. దాదాపు సగంమంది తిరిగి రాలేదు. వాళ్ల పేర్లు, వయసులు, ఎవరు బతికారో ఎవరు పోయారో చెప్పే జాబితా ఇప్పుడు గణాంకశాస్త్రం పాఠాల్లో కనిపిస్తుంది. బలంగా ఉన్న మగవాళ్లే గట్టెక్కి ఉంటారని మొదట అందరూ అనుకుంటారు. లెక్క తీస్తే మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువగా బతికారని తేలుతుంది.

మన దగ్గర అలాంటి పేర్ల జాబితా లేదు. ఈ చలక నేలల్లో మొదట గుడిసె వేసుకున్నదెవరో ఎవరూ రాసిపెట్టలేదు. తూర్పున రాచకొండ గుట్టల్లో పద్మునాయక రాజులు కోట కట్టుకున్నది పద్నాలుగో శతాబ్దంలో. ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్ షా గోల్కొండను ఏలింది 1550 నుంచి 1580 వరకు. ఈ చెరువు ఆయన హయాంలోదే. గద్దెనెక్కకముందు ఆయన ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు. అక్కడి చెరువులు, కాలువలు చూడకుండా ఉంటాడా? హుస్సేన్‌సాగర్ కూడా ఆయన కాలంలో తవ్విందే.

సరే, లెక్కలోకి వద్దాం. హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు పడితే సుమారు నాలుగు వేల లీటర్లు. అంటే ఏడాదికి ఎకరానికి 32 లక్షల లీటర్లు! అయిదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 50 లీటర్లు వాడుకున్నా ఏడాదికి లక్ష లీటర్లు దాటవు. ఒక ఎకరం వాన 35 ఇళ్లకు సరిపోతుందన్నమాట. ఇక్కడికి వచ్చేసరికి పిల్లలు తప్పకుండా అడుగుతారు, మరి కరవెందుకు వచ్చిందని. అడగకపోతే పెద్దవాళ్లే అడగాలి.

ఆ నీళ్లలో ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. అదీ రోజూ కాదు, కొద్ది రోజుల్లోనే. చలక నేల తడి నిలవనీయదు. కింద నల్లరాయి. ఇక ఎకరం వరి పండాలంటే దాదాపు 1,200 మిల్లీమీటర్లు కావాలి. ఆకాశం ఇచ్చేది 800. మిగిలింది పక్క నేలల మీద పడ్డ వాన నుంచి తెచ్చుకోవాల్సిందే. మెట్ట మీద జొన్న, సజ్జ, ఆముదం వేసుకుని, అక్కడ జారిపోయిన నీటిని పల్లంలో కట్ట వేసి ఆపి, తూము కింద వరి వేసుకున్నారు. నిండాక మిగిలింది అలుగు దూకి కిందిచెరువుకు పోతుంది. ఆ గొలుసుకట్టే ఇక్కడి బతుకుతెరువు. తూము తియ్యడం, మూయడం నీరటి పని. అతనికి జీతం కళ్లంలో కొలిచే ధాన్యం. పంట పండకపోతే అతనికీ పస్తే కాబట్టి నీటిని ఎంత జాగ్రత్తగా వదిలేవాడో ఊహించుకోవచ్చు.

ఎండాకాలం ఇంకో లెక్క. రోజుకు సెంటీమీటరుకు దరిదాపుగా నీరు ఆవిరైపోతుంది. వెయ్యి ఎకరాల నీటి మీద అది రోజుకు నాలుగు కోట్ల లీటర్లు. ఎవరూ తాగకుండానే!

కట్ట తెగిన ఏడు, వాన పడని ఏడు ఏమైందో జనాభా లెక్కలు చూస్తే తెలుస్తుంది. నిజాం రాజ్యంలో మొదటి జనగణన 1881లో జరిగింది. అప్పుడు 98 లక్షలమంది. 1891లో కోటీ 15 లక్షలు. 1901లో కోటీ 11 లక్షలు. 1911లో కోటీ 33 లక్షలు. 1921లో కోటీ 24 లక్షలు. గ్రాఫ్ కాగితం మీద చుక్కలు కలిపితే గీత రెండుచోట్ల కిందికి దిగుతుంది. మొదటి దిగుడు 1896-97, 1899-1900 కరవులది. రెండోదానికి పెద్ద కారణం 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా. పదేళ్లలో తొమ్మిది లక్షలమంది తగ్గడమంటే ఏమిటో ఆ చిన్న వంపు చూపిస్తుంది. పుట్టినవాళ్లను కూడా కలుపుకున్నాక తేలిన లెక్క అది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. అవి ఇబ్రహీంపట్నం అంకెలు కావు, మొత్తం రాజ్యానివి. అందులో మరఠ్వాడా, కన్నడ జిల్లాలూ ఉన్నాయి. 1899-1900 కరవు దెబ్బ మరఠ్వాడాకే ఎక్కువ తగిలింది. చెరువులున్నాయి కనుకే తెలంగాణ గట్టెక్కిందని వెంటనే అనబుద్ధేస్తుంది. కానీ రెండుచోట్లా ఒకేలా వాన పడిందా? నేల ఒకటేనా? ఇవి అడగకుండా తీర్పు చెప్పకూడదని పదేళ్ల పిల్లలకు నేర్పడం కూడా ఈ క్లాసులో భాగమే. ఊరి అంకెలే కావాలంటే 1951 తర్వాతి జిల్లా జనగణన పుస్తకాల్లో గ్రామాలవారీగా దొరుకుతాయి. తర్వాతి వాటిల్లో చెరువు కింద ఎంత సాగు, బావుల కింద ఎంత అన్నదీ ఉంటుంది. ఆ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూస్తే చెరువు చేతిలోంచి వ్యవసాయం బోరు చేతిలోకి ఎలా పోయిందో తెలుస్తుంది.

నీళ్లొచ్చే కాలువలు మూసుకుపోయి, పెద్ద చెరువు ఏళ్ల తరబడి బీడులా కనిపించింది. నీళ్లెప్పుడొస్తాయని పెద్దవాళ్లు ఎదురుచూస్తుంటే, అది చెరువని చెబితే నమ్మని పిల్లలూ పెరిగారు. 2020 తర్వాత కురిసిన పెద్ద వానలకు మళ్లీ నీళ్లు చూసింది.

వానాకాలం చివర్లో వెళ్లడం మంచిది. పిల్లల్ని నీళ్లలోకి మాత్రం దిగనివ్వొద్దు, కట్ట కింద ఎంత లోతుందో పైనుంచి తెలియదు. నీరు ఎక్కడి వరకు ఉందో ఒక రాయి గుర్తుపెట్టుకుని, తేదీతో సహా పుస్తకంలో రాసుకుని రావాలి. సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళితే ఆ రాయికీ నీటికీ మధ్య దూరం టేపుతో కొలుచుకోవచ్చు.