ఎన్నంగుళముల పలక?

మాకు అక్షరములు దిద్దించిన నాటి రాతిపలకకు కొలత యెంతయని యడిగినవారు లేరు. సంతలో దొరకినదానిని తెచ్చిరి. కొయ్యచట్రము వదులైనచో ఒక మేకు కొట్టిరి. నేటి పలక యట్టిది కాదు. ఏడెనిమిది అంగుళములు మొదలు పదమూడు, పదునాలుగు అంగుళముల వరకు వరుసగా నిలిచి, కొనువానిని తికమక పెట్టుచున్నది. లోకులు దీనిని ట్యాబు అందురు. మాకు పలక యనుటయే ఇంపు. ఈ వ్యాసమున ఆ మాటనే వాడెదము.

మేము హోసూరు ప్రాంతపు తెలుగువారము. ఇంట నలుగురము: మేమిరువురము, అవ్వ, తొమ్మిదవ తరగతి చదువు పాప. పాప పాఠశాలలో తెలుగు మాధ్యమమే కాని, వీధిలో తమిళము, నలువది కిలోమీటర్ల ఆవల బెంగళూరులో కన్నడము, సెల్‌ఫోనులో ఇంగ్లీషు. పాఠ్యపుస్తకము మూసిన పిదప మరియొక తెలుగు పుస్తకము తెరవవలెనన్న, మా వీధి అంగళ్లలో అది దొరకదు. ఎవరైన కుప్పమునకో తిరుపతికో పోయి వచ్చునప్పుడు ఒకటి రెండు తెత్తురు. ఇక మిగిలిన దారి ఇంటర్నెట్టు. భారత డిజిటల్ లైబ్రరీ పథకమున స్కాను చేయబడిన పాత తెలుగు గ్రంథములు అనేకము నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితముగా లభించుచున్నవి. ఒక జిల్లా గ్రంథాలయమే ఇంటికి వచ్చినట్లు! అయితే ఆ గ్రంథాలయమును ఏ కిటికీ గుండ చూడవలెననునదే ప్రశ్న. పలక కొనవలెనని మేము తలపెట్టినది ఇందుకొఱకే గాని సినిమాల కొఱకు కాదు.

ఇచట ఒక భేదము తెలిసికొనవలెను. తెలుగు లిపి 1991లోనే యూనికోడున చేరినది. అట్లు టైపు చేసిన గ్రంథము, తెలుగు వికీసోర్సులోని పుస్తకముల వంటిది, ఎంత చిన్న తెరపైనను చదువవచ్చును. అక్షరము పెద్దది చేసిన కొలది పంక్తులు తమంత తామే సర్దుకొనును. స్కాను చేసిన పుట యట్లు కాదు; అది ఫొటో. పెద్దది చేసిన పంక్తి తెర దాటిపోవును. ప్రతి పంక్తికిని వ్రేలితో కుడికి ఈడ్చి, మరల ఎడమకు ఈడ్చి చదువవలెను. నాలుగు పంక్తులు చదువునప్పటికి కథ మరచి ఈడ్పే మిగులును. మాకు కావలసిన పుస్తకములలో అధికభాగము ఫొటోలే. కావున పుట మొత్తము ఒక్కసారిగా, ఈడ్చు పని లేకుండ కనబడవలెను. కొలత విషయమున మా వాదమంతయు దీనిపైననే నిలిచియున్నది.

మన లిపి సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. పైన తలకట్టు, గుడి; క్రింద ఒత్తులు. 'స్వాతంత్ర్యము' అను మాటలో తకారము క్రింద రెండు ఒత్తులు చేరినవి. తెర చిన్నదైనచో ఆ రెండును కలసి ఒక మసిచుక్క యగును. కడుపులోని చుక్క కనబడక 'కథ' కాస్తా 'కధ' యగును. పాత పుస్తకములలో అరసున్నలు మెండు. చిన్న తెరపై అవి దుమ్మురేణువులవలె నుండును. పాప ఒకనాడు నిజముగనే వానిని చేతిరుమాలుతో తుడిచినది!

2022 డిసెంబరున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పలకలు పంచెను. వాని తెర 8.7 అంగుళములు. నాడొకటి పొందిన కుప్పము మేనల్లుడు మొన్నటి సంక్రాంతికి దానిని వెంటదెచ్చినందున మాకు పరీక్షింప వీలుకలిగెను. పాఠముల వీడియోలకు అది మిక్కిలి చక్కగ నున్నది. ఒంటిచేత పట్టవచ్చును; బరువు 366 గ్రాములే. పాత పుస్తకపు పుట తెరవగా మాత్రము అవ్వ అద్దములు సవరించుకొని, "చీమలు పోయినట్లుంది నాయనా" అన్నది.

అంతట పాప లెక్కలనోటు తెచ్చెను. తెర కొలతగా చెప్పబడునది పొడవు కాదు, వెడల్పు కాదు, కర్ణము. పైథాగరస్ సిద్ధాంతము చేతనున్న ఎవరైనను మిగిలినది తేల్చుకొనవచ్చును. 16:10 నిష్పత్తిగల 10.1 అంగుళముల తెర సుమారు 8.56 పొడవు, 5.35 వెడల్పు. మన ప్రచురణకర్తలు డెమ్మీ 1/8 అను పుస్తకపు పుట 8½కు 5½. ఈ రెండును ఇంచుమించు ఒకటియే యని తేలినప్పుడు పాప సంతోషము చూడవలసినదే. 8.7 అంగుళముల తెరపై ఆ పుటయే అయిదింట నాలుగు వంతులకు కుదించుకొని పోవుచున్నది; అవ్వ చూచిన చీమలు అవియే. 11 అంగుళములదైనచో పుట అసలుకన్న ఇంచుక పెరుగును. ఇంకొక విశేషము: ఒకే నిష్పత్తిగల 8, 10 అంగుళముల తెరలకు భేదము రెండంగుళములే యనిపించును గాని, వైశాల్యమున పెద్దది చిన్నదానికి ఒకటిన్నర రెట్లు దాటియున్నది. ధరలో భేదమును చూచి గొణుగుకొనువారు ఈ లెక్కనుగూడ చూడవలెను.

లెక్కతో తృప్తిపడక పాప 8.7, 11, 13 అంగుళముల కొలతలకు మూడు అట్టలు కత్తిరించెను. ఒక్కొక్కదాని వెనుక ఆ కొలత పలకల బరువునకు సరిపడ శనగల పొట్లము కట్టితిమి: మొదటిదానికి 366 గ్రాములు, నడిమిదానికి అరకిలో, పెద్దదానికి ఆరువందల గ్రాములు. ఒక్కొక్కటి చేతబట్టి కూర్చుంటిమి. అరకిలో అనగా ఏమంత బరువని మేము తేలికగ అనుకొంటిమి గాని, ముంజేయి మోచేయి వద్ద మడిచి కదలక పట్టుకొన్నప్పుడు పదినిమిషములకే దాని సంగతి తెలిసెను. అవ్వ మూడు నిమిషములకే అట్టను ప్రక్కన పెట్టి లోపలికి పోయి, తాత కాలమునాటి వ్యాసపీఠమును దుమ్ము దులిపి తెచ్చెను. భారతము చదువుటకు వాడిన కొయ్యపీఠమది. దానిపై అట్ట పెట్టిన పిదప బరువు మాట యెవరును ఎత్తలేదు. అంగడులలో అమ్మెడి ప్లాస్టిక్ స్టాండులకన్న ఇది స్థిరమని మా యభిప్రాయము.

13 అంగుళముల అట్టపై పాపకు మనసు పోయిన మాట నిజము. ఏ4 కాగితమంతటి ప్రశ్నపత్రము 11 అంగుళములదానిపై పదింట ఏడు వంతులకు తగ్గగా, దీనిపై తొమ్మిది వంతుల వరకు కనబడును. కాని ధర మా శక్తికి మించినది. ఆ ప్రసంగము అంతటితో ముగిసినది.

చిన్న పలకలను తీసిపారవేయుటకును వీలులేదు. 2010లో 9.7 అంగుళముల ఐప్యాడును తెచ్చిన స్టీవ్ జాబ్స్, ఆ యేడే ఏడంగుళముల పలకలను ఎగతాళి చేసి, వానిని వాడుటకు వ్రేళ్లను గరుకుకాగితముతో అరగదీసికొనవలెనను అర్థమున మాటలాడెను. 2011లో ఆయన గతించెను. 2012లో ఆయన సంస్థయే 7.9 అంగుళములదానిని విడుదల చేసెను. మన దేశమున 2011లో విద్యార్థులకై వెలువడిన 'ఆకాశ్' పలకయు 7 అంగుళములదే. జేబున, సంచిలో ఇముడునది కావలసినవారు నాడును కలరు, నేడును కలరు. బస్సులో నిలిచి చదువువానికి మా 11 అంగుళముల తీర్పు పనికిరాదు.

ఇక రెండవ చిక్కు: ఒకటియా, పెక్కులా? మా చేతనున్న ధనమునకు పెద్దది ఒకటి వచ్చును, లేదా చిన్నవి రెండు వచ్చును. అంగడివాడు రెండింటి పక్షము. "పాపకొకటి, అవ్వకొకటి, గొడవుండదు సార్" అన్నాడు. వాని మాటలో న్యాయము లేకపోలేదు.

పెక్కు పలకలు కావలెనన్న భావము క్రొత్తదికాదు. మార్క్ వైజర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1991లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికయందు వ్రాసిన వ్యాసమున, అంగుళమంతవి, అడుగంతవి, గజమంతవి యని మూడు తరగతుల యంత్రములను ఊహించెను. ఒక గదిలో మొదటివి నూరుకు పైగా, రెండవవి పదియో యిరువదియో, మూడవవి ఒకటి రెండు ఉండవచ్చుననెను. అయితే ఆయన యూహలోని అడుగంత పలకలు ఏ ఒక్కరివియు గావు; బల్లపై పడియున్న చిత్తుకాగితములవలె ఎవరి చేతికి అందినది వారు తీసికొనుట. నేటి పలక తెరచినంతనే పేరు, సంకేతపదము, వ్రేలిముద్ర అడుగును. ఇది చిత్తుకాగితము కాదు. తాళము వేసిన పెట్టె. నలుగురున్న యింట రెండు పెట్టెలు వచ్చిన, ఇద్దరు రెండు మూలలకు పోవుదురు.

మేము తర్కించినది ఇచటనే. పాప వాదము: "అందరిదీ అంటే ఎవరిదీ కాదు నాన్నా. నాకు రేపు పరీక్ష ఉంటే అవ్వ కథ అప్పుడే కావాలంటుంది." ఇది త్రోసివేయదగిన మాట కాదు. అవ్వ వాదము వేరు. అవ్వకు రెండు కన్నులకును శస్త్రచికిత్స జరిగినది. చదువగలదు గాని త్వరగ అలయును. "నాకు వేరేగా వద్దు నాయనా. అది నాకు చదివి పెట్టదు గదా, పాప చదివి పెడుతుంది" అన్నది. పలకయు చదివి వినిపించునని పాప చెప్పగా, "అది తప్పు చదివితే నేను దిద్దితే వింటుందా?" అని అవ్వ యడిగినది. పాపకు ఉత్తరము తోచలేదు.

నిజమునకు మా ఇంట తెలుగు పాఠము నడచుచున్నది ఆ దిద్దుబాటులోనే. బండి ఱ ను చూచి 'ఇదేమి యక్షరము' అని పాప అడిగినది అవ్వనే. 'ఏఱు' అనగా నేమి, 'ఏరు' అనగా నేమి యని అరగంట చెప్పినది అవ్వ. ఇద్దరికి రెండు పలకలిచ్చినచో అవ్వ దానిలో ప్రవచనములు వినును, పాప దీనిలో మరేదో చూచును. ఇద్దరును సుఖముగనే యుందురు. ఱ మాత్రము ఎవరును ఎవరినీ అడుగరు. బ్యాటరీలు వాడకున్నను వయసుచేత క్షీణించుననియు, రెండింటికి చార్జింగు, మరమ్మతు రెండింతలనియు మేము చెప్పిన కారణములు పైపైవే. అసలు కారణము ఇది.

కావున 11 అంగుళములది ఒక్కటియే కొంటిమి. కొనుటకు పోవునప్పుడు డెమ్మీ పుస్తకమొకటి సంచిలో పెట్టుకొని పోయి, తెరపై పరచి కొలిచి చూచితిమి. అంగడివాడు జలపాతముల వీడియో చూపబోగా, మేము స్కాను చేసిన తెలుగు పుట చూపుమంటిమి. అరసున్న స్పష్టముగ కనబడినది.

పాప కోరిన న్యాయము కాలపట్టికలో కలదు. సాయంకాలము ఏడు మొదలు ఎనిమిది వరకు పలక వ్యాసపీఠముపై నుండును. పరీక్షల నెలలో ఆ గంటయు పాపదే. మొదటి నెలలో రెండు మార్లు పేచీ వచ్చినది. ఒకమారు పాప గెలిచినది, ఒకమారు అవ్వ. పాప పదునొకండవ తరగతికి పోవునాటికి రెండవది ఆలోచింతమని మాట యిచ్చితిమి. అప్పటికి అది ఎన్నంగుళములదో పాపయే నిర్ణయించుకొనును. అందుకై మూడు అట్టలను బీరువాపై దాచి యుంచితిమి. శనగలు మాత్రము విప్పి వండుకొంటిమి.